సర్వాయి పాపన్న చరిత్రము

మహాసభల సంచికలయందు కులపెద్దల జీవితములను ప్రకటించుట ఆచారమై యున్నది. ఆ పెద్దలు సామాన్యముగ సత్రములు కట్టించినవారో, పాఠశాలలకు విరాళము లొసగినవారో, ప్రభువులవలన బిరుదు లందినవారో యై యుందురు. అట్టివారి చరిత్రము వ్రాయుట సులభము. చదువుట మరియు సులభము. ఏలయన మొదటి పుట చూచినవారికి కడపటి పుట తెలిసియే యుండును. ఈ యేడు మేము ఆ సులువైన త్రోవను విడిచితిమి. సత్రము కట్టింపనివాడును, విరాళ మీయుటకు మారుగ విరాళములను బలిమిని వసూలు చేసినవాడును, ఢిల్లీ పాదుషాచేత ఖిల్లతు నంది, ఆవల ఏడాదిన్నరలోపున ఆ పాదుషా యానతిచేతనే తల గోల్పోయినవాడును నగు సర్వాయి పాపన్నను గూర్చి వ్రాయ బూనితిమి. మన పోషకులలో ధనవంతులు కొందఱు గలరు. పాపన్న నేడు సజీవుడై యుండినయెడల వారి గడపకు చందా పుస్తకముతో వచ్చియుండడని మాత్రము మేము హామీ యీయగలము. పుస్తకము లేకయే వచ్చియుండును.

పాపన్నను గూర్చి మనకు ముఖ్యముగ ఇద్దఱు సాక్షులు గలరు. మొదటివాడు ఖాఫీఖాను. ఇతడు మొగలుల కొలువున మెలగి, పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున ముంతఖబుల్ లుబాబు అను పారసీక చరిత్రమును రచించిన పండితుడు. ఇతనికి పాపన్న పేరు తలచినంతనే కనులెఱ్ఱవారును. ఆ పేరునైన తిన్నగ వ్రాయక పాప్రా యని వ్రాసినాడు. అయినను నిందించుచునే పుటలకు పుటలు నింపినాడు. రాజ్యములేలిన జమీందారు లెందఱికో ఆ గ్రంథమున నొక పంక్తి దొరకలేదు. తాడిచెట్టెక్కు కులమునందు బుట్టినవానికి పుటలు దొరకినవి. రెండవ సాక్షి మన పల్లెల పాట. తంబుర మీటుచు ఊరూర తిరుగువారి నోట నిలిచిన యా కథను 1874 లో బాయిలు అను దొర విని, ఇండియను ఆంటిక్వెరీ పత్రికయందు ఆంగ్లమున ప్రకటించెను. అప్పటికి పాపన్న గతించి 164 ఏండ్లు.

ఈ సాక్షు లిరువురు నొకరి మాట నొకరు వినినవారు కారు. వీరిని ఒక్క బోనున నిలిపి విచారించిన యశము రిచర్డ్సు అను చరిత్రకారునికిని, మన వెల్చేరు నారాయణరావుగారికిని చెల్లును. వారి వ్యాసము 1980 లో వెలువడెను. పిమ్మట 2005 లో రిచర్డు ఈటన్ అను అమెరికా చరిత్రకారుడు దక్కను సాంఘిక చరిత్రమును ఎనిమిది జీవితముల రూపమున చెప్పుచు, అందొక జీవితముగ పాపన్నను గ్రహించెను. ఆ గ్రంథమున మొట్టమొదటి పీట కాకతి ప్రతాపరుద్రునిది. ఓరుగల్లు నేలినవానికిని, ఓరుగల్లు దోచినవానికిని ఒకే పంక్తిని విస్తరి వేసినవాడు ఎక్కడనో సముద్రముల కావలివాడగుట వింతగ నున్నది. మనవారికి ఆ ధైర్యము చాలకపోయెను.

1687 లో గోలకొండ మొగలుల వశమయ్యెను. తానీషా చెఱకు పోయెను. ఔరంగజేబు మహారాష్ట్రులతోడి యుద్ధములలో మునిగి, హైదరాబాదు సుబాను అధికారుల కప్పగించెను. ఆ యధికారులకు పన్నులు వసూలు చేయుటయందున్న శ్రద్ధ బాటలు కాచుటయందు లేకుండెను. కోటలు పాతవి, సైన్యము కొలది, జీతములు బాకీ. ఇట్టి కాలమున హైదరాబాదునుండి ఓరుగంటికి పోవు రాజమార్గము ప్రక్కన, నేటి జనగామ జిల్లా ప్రాంతమున, పాపన్న పేరు పైకి వచ్చెను. అతడు ఖిలాషాపురమున జన్మించెననియు, తల్లి సర్వమ్మ యనియు జనులు చెప్పుకొందురు. 1650 ఆగస్టు 18 అతని జన్మదినమని నేడు జయంతులు జరుగుచున్నవి. పారసీక గ్రంథము పుట్టుక జోలికి పోలేదు. దానికి కావలసినది చావు మాత్రమే.

పాటలోని పాపన్న తల్లితో వాదులాడుచు మనకు తొలిసారి దర్శన మిచ్చును. మోకు భుజమున వేసి, ముస్తాదు నడుమున కట్టి, నిలువునా ముప్పదియడుగుల చెట్టెక్కి, లొట్టెడు కల్లు దింపి, దానిలో దొరవాటా దొరకిచ్చి, సిపాయి త్రాగిన దానికి వెల యడుగలేక, మిగిలిన దానితో బ్రదుకుట తన చేత గాదనును. కులవృత్తి విడుతునని అతడు చెప్పునది వృత్తిమీది యసహ్యముచేత గాదు. చెట్టెక్కగలవానికి కోటగోడ యెక్కుట యొక పనియా యను లెక్కచేత. తల్లి యేడ్చును, మందలించును, వారించును. లోకమున తిరుగుబాటుదార్ల తల్లులందఱును చేయుపని యదియే. పసులకాపరియై నిదురించుచుండగా నాగుబాము పడగపట్టి నీడ చేసినదనియు పల్లెలలో చెప్పుకొందురు. ఈ పాము మన దేశమున మిక్కిలి శ్రమపడినది. ఎందఱెందఱికో పడగ పట్టినది. రాచబిడ్డలకే పరిమితమైన ఆ యుద్యోగమునుండి దానిని తప్పించి గీతవాని తల కడకు పంపినవాడు, ఎవడో గాని, మంచి న్యాయమెఱిగిన కవి.

ఖాఫీఖాను మాత్రము కథను వేఱుచోట ప్రారంభించును. పాపన్నకు విధవయు ధనవంతురాలును నగు సోదరి యొకతె కలదనియు, తొలి దోపిడి ఆమె యింటనే జరిగిన దనియు, ఆ సొమ్ముతోనే అతడు మనుష్యులను చేర్చుకొని తాటికొండ గుట్టమీద కోట కట్టెననియు ఆతడు వ్రాసెను. మనవారిలో కొందఱు ఈ ముక్కను తీసివేయుమని మాకు సలహా యిచ్చిరి. శత్రువు వ్రాసినది నమ్మనేల యని వారి వాదము. ఆ శత్రువే పాపన్న కోట లెట్లు కట్టెనో, సుబేదారుల నెట్లు తిప్పికొట్టెనో వ్రాసినప్పుడు మనము చప్పట్లు చఱచి నమ్ముచున్నాము గదా! శత్రువు నోటి మెచ్చుకోలును మాత్రము ఏరుకొని తక్కినదానిని పాఱవేయు టెట్లు? అక్కసొమ్ము దోచినాడను మాట కటువైనదే. తీసివేయుటకు మాకు అధికారము లేదు.

తాటికొండనుండి బాటసారులను, వర్తకులను కొల్లగొట్టుచుండ, చుట్టుపట్ల ఫౌజుదారులు తరిమిరి. పాపన్న కౌలాసునకు పాఱిపోయి, అచ్చటి జమీందారగు వెంకటరావు కొలువున జమాదారుగ చేరెను. జమాదారీ అతని కంతగ రుచింపలేదు. పాత యలవాటు మఱల తలయెత్తగా వెంకటరావు చెఱలో వేయించెను. కొన్ని నెలలకు జమీందారు కొడుకునకు జబ్బు చేసెను. బిడ్డ కోలుకొనుటకై జమీందారు భార్య పుణ్యము తలచి ఖైదీల నందఱ విడిపించెను. పిల్లవాని జబ్బు సంగతి యేమో గాని, హైదరాబాదు సుబాకు మాత్రము నాటినుండి జబ్బు పట్టుకొనెను.

విడుదలయైన పాపన్న భువనగిరి ప్రాంతములోని షాపురము చేరెను. అచ్చట సర్వా యను వీరునితో కలిసి పనిచేసెనని ఖాఫీఖాను వ్రాత. మనవారు సర్వాయి యను పేరు తల్లి సర్వమ్మనుండి వచ్చినదందురు. పారసీక లేఖకుడు ఒక పేరును చీల్చి ఇద్దఱిని చేసెనో, పాటగాడు ఇద్దఱిని కలిపి యొక్కని చేసెనో విచారింపదగినది. ఏమైనను షాపురమున రాతికోట లేచెను. అందు చేరినవారి జాబితా పాటయందు గలదు. అది మాకు కంఠహారమువలె తోచును. తురకలు, దూదేకులవారు, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎఱుకల, జక్కుల, యానాది. అగ్రహారపు బంతిలో గాని, దొర గడిలో గాని ఒక్కచోట కూర్చుండనీయని కులము లన్నియు ఒక బురుజుమీద నిలిచినవి. నేడు మన సభలు ఒక్కొక్క కులమున కొక్కొక్కటిగ జరుగుచున్నవి. పాపన్న సభ అట్లు జరుగలేదు. ఈ మాట అధ్యక్షులవారు అన్యథా భావింపరని నమ్మెదము.

ఫిర్యాదులు ఔరంగజేబు చెవిని బడెను. హైదరాబాదున అధికారము నెఱపుచుండిన రుస్తుందిల్‌ఖాను కొలనుపాక ఫౌజుదారగు కాసింఖానును పంపెను. అతడు పోరున తుపాకి దెబ్బకు కూలెను. అంతట రుస్తుందిల్‌ఖాను తానే వచ్చి రెండు నెలలు షాపురమును ముట్టడించెను. పాపన్న తప్పించుకొని పోయెను. ఖాను కోటను కూల్పించి జయభేరి మ్రోగించుచు నగరమునకు మరలెను. అతని వెన్ను కనుమఱుగగునంతలో పాపన్న తిరిగివచ్చి, పూర్వముకంటె గట్టిగ కోట కట్టుకొనెను. కొంతకాలమునకు సర్వాయును, పుర్దిల్‌ఖాను అను మఱియొక యోధుడును ద్వంద్వయుద్ధమున ఒకరి నొకరు చంపుకొనిరి. తరువాత రుస్తుందిల్‌ఖాను మఱల దండెత్తెను. ఈసారి కోటగోడకన్న రూపాయి మెత్తగ నున్నట్లు తెలిసికొని, సొమ్ము పుచ్చుకొని వెనుదిరిగెను. దొంగను పట్టవచ్చిన దొర దొంగసొమ్ములో పాలు గొనుట చరిత్రమున క్రొత్త గాదు. ఖాఫీఖాను ఈ పట్టున తన ప్రభుపక్షమును కప్పిపుచ్చలేదు. అందుకు మేము కృతజ్ఞులము.

1707 లో ఔరంగజేబు మరణించెను. కొడుకులు సింహాసనమునకై కత్తులు దూసిరి. కాంబక్షు హైదరాబాదున తానే పాదుషానని ప్రకటించుకొనెను. ఎవరికి సలాము చేయవలయునో తెలియక అధికారులు దిక్కులు చూచుచుండ, పాపన్న ఓరుగల్లు వైపు చూచెను. 1708 ఏప్రిలు మొదటి దినము మొహరము పదవనాడు. కావలివారు పీరుల సందడిలో నుండిరి. రెండుమూడువేల కాల్బలము, నాలుగైదువందల గుఱ్ఱములు. ఒక దండు రాకపోకల బాటలు కట్టివేసెను. ఒక దండు కోటగోడ కెగబాకెను. త్రాళ్లతో గోడ లెక్కుట యేర్పడినచోట మన వృత్తి జ్ఞాపకము వచ్చుట సహజము. రెండుమూడు దినములు నగరము దోపిడి జరిగెను. ఓరుగంటి తివాచీలు ఆ కాలమున దేశదేశముల పేరువడినవి. అవియు, ధనమును బండ్ల కెక్కెను.

ధనముతో నాగియుండిన మేము సంతోషముగ వ్రాసియుందుము. నగరమున పేరుగల యిండ్ల స్త్రీలను, పిల్లలను వేలకొలది చెఱపట్టి షాపురమునకు తరలించిరి. అందు ఖాజీ భార్యయు, కూతురును గలరు. మన పాటలలో ఆ స్త్రీల మాట లేదు. పాడువాడు మఱచెనో, వినువారు వినగోరలేదో! జూను 1 నాడు, ప్రవక్త జన్మదినపు సందడి చూచుకొని, పాపన్న భువనగిరిమీద పడెను. ఆ కొండకోట ఓరుగల్లువలె సులువుగ లొంగలేదు గాని, అచ్చటను చాలమంది చెఱబడిరి.

ఇంతటి ధనము చేజిక్కిన పిమ్మట పాపన్న దోపిడిగానివలె గాక దొరవలె మెలగ జొచ్చెను. పల్లకి యెక్కెను. డచ్చివారి యొద్దను, ఆంగ్లేయుల యొద్దను కొన్న రెండుగొట్టముల తుపాకులు 700 అతని దండున నుండెనట. దారినిబోవు లంబాడీల ఎద్దులను వేలకొలది పట్టించి, వాటిని అమ్ముకొనక, కోసి తినక, అరకలకు కట్టి పొలములు దున్నించెను. మాకు ఓరుగంటి దోపిడికన్న ఈ యరకలే యెక్కువ చోద్యముగ తోచుచున్నవి. దొంగకు రేపటి చింత యుండదు. విత్తనము చల్లువాడు నాలుగు నెలలు ఆ చోటనే నిలువ దలచినవాడు. ఖాఫీఖాను దీనిని మఱియొక నేరముగ లెక్కకట్టి పోయినాడు. ఒక గీతవాడు రాజ్యము స్థాపింప నెంచుచున్నాడని తానే సాక్ష్య మిచ్చుచున్నట్లు అతడెఱుగడు. ఎద్దులు పోయిన లంబాడీ లేమనుకొనిరో ఎవరు నడుగలేదు.

1709 జనవరిలో బహదూరుషా హైదరాబాదు చేరి, కాంబక్షును ఓడించెను. పాపన్న క్రొత్త పాదుషాకు పదునాలుగు లక్షల రూపాయలు కానుక సమర్పించెను. సైన్యమునకు ఖర్చు మెండుగ నున్న సమయము. లక్షలకు కుల మెవ్వడడుగును? నిండు దర్బారున పాపన్నకు ఖిల్లతు లభించెను. జరీ యంగరఖా తొడిగి గీతవాని బిడ్డ పాదుషా యెదుట నిలిచిన ఆ గడియ, మా దృష్టిలో, అతని జీవితమున కెల్ల శిఖరము. అచ్చటనుండి అంతయు దిగుడే.

ఏలయన నగరపు ప్రముఖులు షాఇనాయతు అనువానిని ముందిడుకొని పాదుషాకు మొఱపెట్టిరి. తమ యాడువారిని, బిడ్డలను చెఱపట్టినవానికి సత్కార మేమని యొక మొఱ. కల్లుగీయు నీచకులజునికి రాజవస్త్రమేమని యొక మొఱ. రెండును ఒకే యర్జీలో కలిసినవి. మొదటిది న్యాయము. తల్లిని, చెల్లిని పోగొట్టుకొన్నవాడు పాదుషా నడుగక ఎవరి నడుగును? రెండవది మాత్రము న్యాయముయొక్క యంగరఖా తొడిగిన యహంకారము. ఖాఫీఖాను ఈ రెంటిని విడదీయలేకపోయెను. పాపన్న పాటలు పాడు మనమును విడదీయుట లేదు. కులనింద కోపముచేత చెఱబడిన స్త్రీల మొఱనుగూడ త్రోసిపుచ్చుచున్నాము. పాదుషా అర్జీ నంగీకరించి, హైదరాబాదు సుబేదారుగ నియమితుడైన యూసుఫుఖానునకు పాపన్నను తుదముట్టింపుమని యానతిచ్చెను.

అయినను పాపన్న కోటకు తొలిదెబ్బ తగిలినది పాదుషా ఫిరంగిచేత గాదు, వంటయింటినుండి. పాపన్న భార్య సోదరుడు మొగలుల ఫౌజుదారు. అతడు షాపురపు చెఱలో నుండెను. 1709 జూను ప్రాంతమున పాపన్న వేఱొకచోట ముట్టడిలో నుండగా, ఆమె అన్నము పంపునెపమున తినుబండారములలో ఆకురాళ్లు దాచి యన్నకు చేర్చెను. ఖైదీలు సంకెళ్లు కోసికొని, కావలివారిని పడగొట్టి, కోటనే వశపఱచుకొనిరి. పాపన్న పరుగున వచ్చి తన కోటమీదనే తాను ఫిరంగులు పేల్చవలసివచ్చెను. ఇంతటి వేడుక నే హరికథలోను వినలేదు. అంతలో దిలావరుఖాను సేనతో వచ్చిపడగా, పాపన్న షాపురము విడిచి తాటికొండ చేరెను. మొదట కట్టిన కోటయే తుదకు మిగిలెను. ఆ యిల్లాలిని మన కథకులు ద్రోహి యందురు. భర్త చెఱలో అన్న యున్న స్త్రీకి ఏది ద్రోహమో, ఏది ధర్మమో చెప్పగలవారు ఈ సభలో నున్నచో మాకు చెప్పవలయును.

యూసుఫుఖాను మొదట అయిదాఱువేల గుఱ్ఱపుదళమును పంపి, పిదప 1710 లో తానే తాటికొండకు కదలివచ్చెను. ముట్టడి నెలలు సాగెను. కోటవిడిచి వచ్చువారికి రెట్టింపు జీత మిత్తునని చాటించెను. ఆకలిగొన్నవారు కొందఱు దిగివచ్చిరి. కోటలో తుపాకిమందు నిండుకొనెను. ఒకనాటిరేయి పాపన్న వేషము మార్చి, ఒక ద్వారము కడ చెప్పులును, మఱియొక ద్వారము కడ హుక్కాయును విడిచి, ఎటు పోయినదియు తనవారికే తెలియకుండ వెడలిపోయెను.

అట్లు హసనాబాదు చేరెను. అలసియున్నాడు, దప్పిగొనెను. ఒక కల్లు దుకాణమున కూర్చుండి కల్లడిగెను. కల్లుపోయువాడు మొగము చూచెను. గుఱుతుపట్టెను. ఏదో నెపమున లేచి వెలికి పోయి అధికారులకు తెలిపెను. సిపాయీలు వచ్చి పట్టుకొనిరి. కొన్నిదినములకు పాపన్నను చంపి, మొండెమును హైదరాబాదు ద్వారమున వ్రేలాడగట్టి, శిరమును బహదూరుషా దర్బారునకు పంపిరి.

పాట ఈ కథను ఒప్పుకొనదు. పాటలో పాపన్న శత్రువు చేత బడడు. తన కత్తితో తానే ప్రాణము విడుచును. పాడువారు అతని నోరుగంటినుండి, గోలకొండనుండి, పాదుషా దర్బారునుండి క్షేమముగ దాటించిరి గాని హసనాబాదు కల్లు దుకాణమునుండి దాటింపలేక, ఆ దుకాణమునే కథనుండి తీసివేసిరి. వారి బాధ మేమెఱుగుదుము. పట్టించినవాడు తురక సిపాయి యైన పాటకు సొంపుగ నుండును. బ్రాహ్మణ కరణమైనను, రెడ్డి దొరయైనను సాగును. లొట్టి పట్టిన మనవాడే కావలసెనా యని గాయకుని గొంతు పట్టుకొనినది.

హసనాబాదు గీతవాని పేరు ఖాఫీఖాను వ్రాయలేదు. వాని కేమి బహుమాన మిచ్చిరో, ఇచ్చిరో లేదో, అదియు వ్రాయలేదు. భయపడెనా, ఆశపడెనా, పూర్వ మెన్నడైన పాపన్న దండు వాని యింటిమీద బడినదా, లేక ఓరుగంటినుండి చెఱపోయినవారిలో వాని కెవరైన కావలసినవారుండిరా? పాపన్న పేర సంఘములు, విగ్రహములు, జయంతులు గలవు. షాపురపు బురుజు శిథిలమయ్యును నేటికిని నిలిచియున్నది. ఆ రెండవ గీతవాడు మాత్రము, కల్లుముంత చేతబట్టి, ఎదుట కూర్చున్నవాని మొగము చూచుచు, పారసీక గ్రంథపు పుటలో అట్లే నిలువబడియున్నాడు.